విద్యార్థికి రెండు కాయకములు తగునా?

వీరశైవ కుటుంబములలో ఇటీవల ఒక క్రొత్త ప్రశ్న తలయెత్తుచున్నది. కళాశాలలో చదువుకొనుచున్న కుమారుడో కుమార్తెయో రాత్రి భోజనమైన పిమ్మట పుస్తకమునకు బదులు ఒక గాజుపలకను ముందిడుకొని, సిరాలేని కలముతో దానిపై బొమ్మలు గీయుచుండును. ఆ బొమ్మలు తెల్లవారుసరికి ఎరుగని దేశములలో ఎరుగని మనుష్యుల కంటబడును. వారిలో కొందరు మెచ్చుకొందురు. కొందరు తమకును ఒకటి గీసిపెట్టుమని డబ్బు పంపుదురు. తండ్రి ఇదంతయు కాలక్షేపమనును. తల్లి కన్నులు పాడగునని భయపడును. బిడ్డ మాత్రము "ఇది నా పని" అనును. ఈ మాటలలో ఏది నిజము? అది ఆటయైనచో అదుపులో నుంచవలసినదే. కాయకమైనచో దానిని ఊరక అడ్డగించు హక్కు కన్నతండ్రికి కూడ లేదు. కావున మొదట తేల్చుకొనవలసినది ఆ సంగతియే.

కాయకమునకు శరణులు పెట్టిన కొలత వృత్తిభేదమును బట్టి పెట్టినది కాదు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనెను. బసవేశ్వరుడు తానే కల్యాణమున బిజ్జలుని కొలువులో లెక్కలు చూచి, భాండాగారమును కాచెను. వీటిలో ఏ ఒక్కదానికిని మరియొకదానికంటె పవిత్రత ఎక్కువ లేదు. శ్రమ తనదై యుండవలెను. అది మరియొకరికి ఉపయోగపడవలెను. అందు మోసముండరాదు. దానివలన లభించినది అవసరమునకు మించినచో దాసోహమునకు పోవలెను. ఈ కొలతకు నిలిచినది ఏ పనియైనను సత్యశుద్ధ కాయకమే. పన్నెండవ శతాబ్దమున గాజుపలకలు లేవు కదాయని చెప్పి, నేటి పనిని ఈ కొలత నుండి తప్పించుటకు వీలులేదు, వెలివేయుటకును వీలులేదు.

ఇష్టలింగోపాసకులకు బొమ్మలతో పనియేమని ఆక్షేపించు పెద్దలు కొందరు కలరు. శరణులు కాదన్నది స్థావరపూజను, చేతిపనిని కాదు. అట్లు ఆక్షేపించువారి ఇంటి గోడపైననే బసవేశ్వరుని పటమొకటి వ్రేలాడుచుండుట తరచుగ కనబడును. అదియు ఎవరో ఒక చిత్రకారుని కాయకఫలమే కదా!

తీర్పు చెప్పుటకు ముందు ఈ పని స్వరూపము కొంత తెలిసియుండుట న్యాయము. జపానులో 1983లో స్థాపితమైన వాకమ్ సంస్థ, చేతి ఒత్తిడిని గుర్తించు కలమును చిత్రకారులకు అందించినది. గట్టిగా నొక్కినచో గీత లావగును, తేలికగా తాకినచో సన్నబడును. అమెరికాలో 1990లో విడుదలయైన ఫోటోషాప్ మొదలుకొని, ఉచితముగా లభించు క్రితా వరకు, ఇందుకు సాధనములు పలువిధములుగ నున్నవి. చిత్రము పొరలు పొరలుగా లేచును. అడుగున ముతకగీత, దానిపై దిద్దిన గీత, ఆపై రంగు, ఆపై నీడ, చివరకు వెలుగు. ఒక పొరను చెరిపివేసినను తక్కినవి చెడవు. యంత్రమే గీయుచున్నదను అపోహ చాలమందిలో నున్నది. ఈ కలము చేతిలో నున్నంత మాత్రమున ఎవరికిని బొమ్మ రాదు. ఎముకల కూర్పు, వెలుగునీడల పోకడ, చీర కుచ్చిళ్ల మడత తెలియని చేతికి ఇది వట్టి పుల్ల. ఒక మనిషిని, అతని వెనుక ఒక వీధిని శ్రద్ధగా గీయుటకు పది పదునైదు గంటలు పట్టుట సామాన్యము.

గీసినదానిని చూపుకొనుటకు తావులును ఏర్పడినవి. డీవియంట్ఆర్ట్ 2000లోను, జపానువారి పిక్సివ్ 2007లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను ఆరంభమైనవి. వీటి చుట్టును చిత్రకారుల సంఘములు అల్లుకొన్నవి. ఒకరి గీతను మరియొకరు దిద్దుదురు. రంగుల మెలకువలను దాచుకొనక చెప్పుకొందురు. అక్టోబరు మాసమున దినమునకొక సిరాబొమ్మ గీయవలెనను ఇంక్‌టోబర్ నియమమును 2009లో జేక్ పార్కర్ అను అమెరికా చిత్రకారుడు తనకు తాను పెట్టుకొనగా, అది నేడు లోకమంతట ఒక వ్రతమువలె సాగుచున్నది. వ్రతమునకు సెమిస్టరు పరీక్షల సంగతి తెలియదు.

ఇంతదూరము వచ్చిన పిమ్మట, ఆ పని కాయకమగుటకు తగినదేనని ఒప్పుకొనక తప్పదు. అసలు చిక్కు ఇక్కడనే మొదలగును. విద్యార్థికి ఇదివరకే ఒక కాయకమున్నది. అది చదువు. సంపాదన లేని పనిని కాయకమందురా యని సందేహించువారు, ఆ విద్యార్థి తినుచున్న అన్నము ఎక్కడిదో ఆలోచింపవలెను. అది తండ్రి అంగడిలో నిలుచున్న గంటలు, తల్లి కుట్టుమిషను త్రొక్కిన గంటలు, అన్న పొలములో వంగిన గంటలు. ఒకరి కాయకముపై మరియొకరి చదువు నడచుచున్నది. మఠములలో చదువుకొను బాలుర విషయమున ఇది మరింత స్పష్టము. తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వాములవారు (1907-2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడింటిని దాసోహముగ నొసగి వేలకొలది పిల్లలను పెంచిరి. అట్టి పంక్తిలో కూర్చుండి తిన్నవాడు ఆ అన్నమునకు బదులు చెప్పుకొనవలసినది చదువుతోనే. అతని పగటివేళ పూర్తిగా అతనిది కాదు.

అయితే తల్లిదండ్రులు ఇక్కడనే ఒక పొరపాటు చేయుచున్నారు. చదువు కాయకమనగా ర్యాంకు కాయకమని వారు తలపోయుచున్నారు. తెలుగునాట ఇంటర్మీడియెట్ రెండేండ్లు ఎట్లు గడచునో అందరెరిగినదే. వేకువజామున లేచినది మొదలు రాత్రి స్టడీ అవరు ముగియువరకు జేఈఈకో, ఈఏపీసెట్‌కో లెక్కలు చేయుటయే పని. ఎందుకు నేర్చుచున్నాడో పిల్లవానికి తెలియదు, నేర్పువానికి అక్కరలేదు. అట్టి గదిలో నోటుపుస్తకపు అంచున ఆ పిల్లవాడు గీసుకొన్న చిన్న బొమ్మ, ఆ దినమంతటిలో అతడు తనంత తానుగ చేసిన ఒకే ఒక పని యగుట కద్దు. అతనిలో కాయకమను భావము ప్రాణముతో నున్నది ఆ అంచుననే. దానిని చింపివేసి, మధ్యనున్న లెక్కను మాత్రము కాయకమని పొగడుట శరణుల మార్గము కాదు. మనసు లేని పనికి కాయకమను పేరు పెట్టినంత మాత్రమున అది కాయకము కానేరదు.

రెండును కాయకములే యైనచో, ఒకే మనిషి రెండింటిని మోయుట ఎట్లు? నులియ చందయ్య కథను ఇక్కడ తలచుకొనవలెను. అతడు చెరువులో గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీటిలో పడెనట. అతడు కోత మానలేదు. పట్టిన పనిని విడిచి లింగమును వెదకబోలేదు. ఈ కథను విని కొందరు చందయ్యకు లింగమునందు నిర్లక్ష్యమనుకొందురు. అతని దృష్టిలో చేతనున్న పనియే లింగసేవ. పూజ కూడ చేపట్టిన పనిని నడుమ విడుచుటకు సాకు కారాదని ఆ కథ చెప్పుచున్నది.

ఈ కొలతను గాజుపలకకు అన్వయించి చూచినచో ఫలితము కొంచెము కఠినముగనే యుండును. పరదేశమున నున్న ఒకరు తన పెండ్లిరోజునకు బొమ్మ కావలెనని సగము సొమ్ము ముందుగా పంపినారనుకొందము. తీసికొన్న క్షణముననే అది వ్రతమైనది. మధ్యలో ఇంటర్నల్ పరీక్షలు వచ్చినవని మౌనము వహించుట మాట తప్పుట. భారత ఒప్పందముల చట్టము (1872) క్రింద మైనరు చేసికొన్న ఒప్పందము చెల్లదు గాని, కాయకదృష్టిలో పదునేడేండ్లవాని మాట కూడ మాటయే. అట్లే కళాశాలలో చేరుటయు ఒక మాటయే. ప్రయోగశాలలో తోటి విద్యార్థిపై భారము మోపి, వెనుక బెంచీలో కూర్చుండి పరులకు బొమ్మ ముగించుటయు మాట తప్పుటయే. కావున చందయ్య కథ ఎటు మ్రొగ్గవలెనో చెప్పుట లేదు. ఒక పూటకు ఒక త్రాటినే చేతబట్టుమని చెప్పుచున్నది. చిత్రకారుల సంఘములలో ఇందుకు తగిన మంచి ఆచారమొకటి ఇదివరకే కలదు. పని తీసికొనజాలని దినములలో వారు తమ పేరు క్రింద "కమిషన్లు మూసితిమి" అని వ్రాసిపెట్టుకొందురు. పరీక్షలకు ఒక మాసము ముందు ఆ పలుకు వ్రాయగల విద్యార్థికి సగము చిక్కు తీరును. వ్రాయలేకపోవుటకు కారణము చాలమార్లు డబ్బు కాదు. మరచిపోవుదురేమోయను భయము.

ఆ భయమును గూర్చి కొంచెము నిదానించి ఆలోచింపవలెను. ఏలయన ఈ విషయమంతటికిని మర్మస్థానమదియే.

ఆయ్దక్కి మారయ్య కాయకము నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఆ గింజలనే భార్య లక్కమ్మ వండి జంగములకు వడ్డించెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఆశ ఎక్కడినుండి వచ్చెనని నిలదీసి, మించిన బియ్యమును తీసినచోటనే పోసి రమ్మనెను. ఈ కథలో గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. ఆ బియ్యము దొంగిలించినది కాదు. స్వార్థమునకు తెచ్చినదియు కాదు. అది పోవునది దాసోహమునకే. అయినను లక్కమ్మ ఒప్పుకొనలేదు. మంచిపనికని చెప్పి లోనికి వచ్చు ఆశను గడపలోననే పట్టుకొన్నది ఆమె.

నేటి విద్యార్థి చిత్రకారుడు ఏరుకొను గింజలు మెప్పుగింజలు. బొమ్మ క్రింద ఇష్టపడినవారి లెక్క కనబడును. నిన్నటి బొమ్మకు రెండు వందలు, నేటి బొమ్మకు నలువది. ఆ వ్యత్యాసము చేతిలోనికి దిగును. ముసలి అవ్వల ముఖములలోని ముడుతలను గీయుట ఇష్టమైన పిల్ల, వాటికి లెక్క రాదని గ్రహించి, లెక్క వచ్చు సినిమా నాయకుల ముఖములనే మరల మరల గీయుట మొదలుపెట్టును. రెండేండ్లు గడచునప్పటికి చేయి తిరుగును గాని, ఏది గీయవలెనని మొదట మనసు కొట్టుకొన్నదో అది మరుగున పడును. కాయకము చెడుట అనగా ఇదియే. చదువు చెడుట తరువాతి మాట.

మరియొక సంగతి. బిడ్డ గీయుటకు పట్టు కాలమును నిందించు తండ్రులు, గీసిన పిమ్మట వేచియుండు కాలమును గుర్తింపరు. బొమ్మ పదకొండు గంటలకే ముగిసియుండును. ఆపై రెండు గంటలు కలము క్రింద పెట్టి, తెరను పైకి క్రిందికి జరుపుచు, ఎవరు చూచిరి, ఏమనిరి అను నిరీక్షణలో గడచును. అమెరికాలోని వారు మేల్కొని తిరుగువేళ ఇచ్చట అర్ధరాత్రి. ఆ రెండు గంటలు చిత్రకళకు చెందినవి కావు, చదువునకు చెందినవి కావు. నిద్రనుండి దొంగిలించినవి. దేహమునే దేవాలయముగ దర్శించిన బసవేశ్వరుని అనుయాయులకు నిద్రను దొంగిలించుట చిన్న తప్పు కాదు. మణికట్టు నొప్పి, మెడ నొప్పి, ఎర్రబడిన కన్నులు ఇరువది యేండ్లకే వచ్చుచున్నవనిన, దేవాలయపు గోడలు బీటలు వారుచున్నవని అర్థము. లక్కమ్మ ఆ ఇంట ఉన్నచో కలమును లాగికొనదు. కలము క్రింద పెట్టిన పిమ్మట ఫోను నెందుకు పట్టితివని మాత్రము తప్పక అడుగును.

ఇంతవరకు సాగిన వాదమునకు బలమైన ఎదురుమాట ఒకటి కలదు. కళ గింజలు కొలుచుకొన్నట్లు కొలుచుకొన్నచో రాదు, అది మనిషిని పూర్తిగ కోరును, చదువు ముగిసిన పిమ్మట చూచుకొందములే యనుట దానిని చంపుటయే అని. ఈ మాటను తేలికగ త్రోసివేయరాదు. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు 1925లో, ఇరువది ఎనిమిదేండ్లు నిండకయే మరణించెను. ఆ కొద్దికాలములో ఆయన గీసినవి నేటికిని రాజమహేంద్రవరము చిత్రశాలలో ఆంధ్రులకు గర్వకారణములై యున్నవి. ముందు డిగ్రీ, ఉద్యోగము, ఆ తరువాత బొమ్మలు అని ఎవరైన ఆయనను నిలిపియున్నచో ఆంధ్రచిత్రకళకు ఆ అధ్యాయమే యుండెడిది కాదు. నిలుపలేదు. అచ్చటి కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ బాలుని చేతిని గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు చేరుటకు తోడ్పడెను. అడవి బాపిరాజు కూడ ఆయన శిష్యుడే.

దీనికి ఎదురుగ బాపును చెప్పవచ్చును. ఆయన 1955లో మద్రాసు విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొందెను. పట్టము చేతనుండగనే ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారుడయ్యెను. న్యాయశాస్త్రము ఆయన గీతను చెరుపలేదు. గీత ఆయనను పట్టమునకు దూరము చేయలేదు. ఈ ఇద్దరిలో ఎవరి మార్గము ధర్మము? ఇద్దరిదియు. తేడా ఎక్కడనగా, రామారావు విషయమున చిత్రకళయే చదువైనది. ఒకే కాయకము మిగిలినది. అందుకు గుర్తింపగల గురువొకడు దొరకెను. నేటి విద్యార్థి తన బొమ్మలను అపరిచితులైన వేలమందికి చూపుచున్నాడు గాని, ఇది నీ జీవితకాయకమగునా కాదా యని నిర్మొగమాటముగ చెప్పగల ఒక్క కూల్డ్రేకు చూపుట లేదు. అష్టావరణములలో గురువునకు మొదటి స్థానమిచ్చిన సమాజము ఈ లోపమును గమనింపవలసియున్నది. బిడ్డ బొమ్మను చిత్రకళ నెరిగిన ఒక ఉపాధ్యాయునికి చూపించి, అభిప్రాయమడిగిన తండ్రులెందరు? ఆయన ఇది అభ్యాసమునకు తగును గాని వృత్తికి చాలదనినచో బిడ్డకును ఇంటికిని స్పష్టత వచ్చును. దీనికి జీవితమిడవచ్చుననినచో, ఇంజనీరింగు సీటును విడిచి హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమునకో, అట్టి మరియొక చోటికో పంపుటకు తండ్రి సిద్ధపడవలెను. అప్పుడు రెండు కాయకముల ప్రశ్నయే యుండదు. అందులకు సిద్ధపడక, ఇంజనీరింగు చదువుచునే లోకప్రసిద్ధ చిత్రకారుడవు కమ్మనుట, లేదా ఆ కలమును తలచుకొననే తలచుకొనకుమనుట, రెండును బిడ్డకు చేయు అన్యాయములే.

ఈ చిత్రకార సంఘములలో శరణధర్మమునకు దగ్గరి గుణములును కొన్ని కలవు. అచ్చట గీత బాగున్నదా లేదా యనునదే మొదటి ప్రశ్న. కులమేదని అడుగువారు అరుదు. అనుభవమంటపమున చెప్పులు కుట్టు హరళయ్యకును, కొలువులోని మంత్రికిని ఒకే పీట వేసిన శరణులకు ఇది సంతోషము కలిగించెడి సంగతియే. అయితే ఆ మంటపమున అల్లమప్రభువు కూర్చుండెను. ఎంతటి భక్తునినైనను ఆయన ప్రశ్న విడిచిపెట్టలేదు. మెప్పులే తప్ప ప్రశ్న లేని మంటపము, ప్రశ్న పేరిట తిట్టునట్టి మంటపము, రెండును ఈ నూతన సంఘములలో కనబడును. ఆడపిల్లలు మగపేర్లతో గీయుటకు ఈ రెండవదియే కారణము. అక్కమహాదేవి తన మాట తాను చెప్పుకొన్న ఎనిమిది శతాబ్దముల పిమ్మట ఇట్టి స్థితి యుండుట విచారకరము.

పేర్ల మాట వచ్చినది గనుక మరియొకటి చెప్పవచ్చును. శరణులు తమ వచనములకు తమ పేరు పెట్టుకొనక ఇష్టదైవము పేరును అంకితముగ నిలిపిరి. బసవేశ్వరునకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు, మారయ్యకు అమరేశ్వరలింగము. లక్కమ్మ తన అంకితమున భర్త పేరును కూడ చేర్చుకొన్నది. అంబిగర చౌడయ్య ఒక్కడు నిస్సంకోచముగ తన పేరునే పెట్టుకొనెను. విద్యార్థి చిత్రకారుడును తన బొమ్మ మూలన ఒక కల్పిత నామమును చేర్చును. పైకి రెండును ఒకే తీరుగ కనబడును. శరణుల అంకితము పనిని తననుండి విడదీసి అర్పించుటకు. కల్పితనామము కొందరికి రక్షణ, కొందరికి దాగుడుమూత. ఇంట ఒకడు, తెరపై మరియొకడు అగునంతటి దాగుడుమూత ముదిరినప్పుడు, తానెవరో తనకే తెలియని స్థితి వచ్చును. చౌడయ్య తెగువ అట్టివారికి మేలు చేయును.

సొంత శ్రమయను నియమమునకు 2022వ సంవత్సరము పెద్ద పరీక్ష తెచ్చిపెట్టెను. ఆ యేట మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ మొదలగు యంత్రములు వెలువడినవి. నాలుగు మాటలు వ్రాసినచో అవి క్షణములో చిత్రము చూపును. వాటికి చిత్రవిద్య వచ్చినది అంతర్జాలమునుండి ప్రోగుచేసిన కోట్లాది చిత్రములవలన. స్టేబుల్ డిఫ్యూజన్‌కు ఆధారమైన లాయన్ సంగ్రహములో ఐదు వందల కోట్లకు పైగా చిత్రముల జాడలున్నవి. గీసినవారిని ఎవరును అడుగలేదు. 2022 డిసెంబరులో ఆర్ట్‌స్టేషన్‌లో చిత్రకారులు మూకుమ్మడిగ నిరసన తెలిపిరి. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారిణులు న్యాయస్థానమునకు వెళ్లిరి. పగలు చదువు, రాత్రి కమిషన్లు అని నలిగిపోవుచున్న విద్యార్థికి ఈ యంత్రము గొప్ప ఆశ చూపును. పదునైదు గంటల పని పది నిమిషములలో ముగియును, చదువునకు కాలము మిగులును, డబ్బు అట్లే వచ్చును. తూకము సమముగ కుదిరినట్లే యుండును. చేతితో గీసినదని చెప్పి యంత్రచిత్రమును అమ్మినచో అది అబద్ధమని వేరుగ చెప్పనక్కరలేదు. ఉన్నదున్నట్లు చెప్పి అమ్మినను, నేల రాలిన గింజలనేరుటకును పరుల గాదెలోని గింజలనెత్తుటకును గల భేదము మిగిలియే యుండును. చదువు నిలుపుకొనుటకు కాయకమును తగ్గించుకొనవచ్చును. దానిని అసత్యము చేసికొని నిలుపుకొనుట కంటె మానుకొనుట మేలు.

డబ్బు విషయము క్లుప్తము. 2023లో భారతదేశమున వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని పిల్లలుగనే ఎంచి, వారి వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనన్నది. చట్టము సంగతి యటుంచినను, ఇంటివారికి తెలియక వచ్చు సొమ్ము ఎంత న్యాయమైనదైనను సత్యశుద్ధము కాదు. దాచినది బిడ్డయే యైనను, దాచునట్లు చేసినది తరచుగ తండ్రి కోపము. మొదటి సంపాదన ఐదు వందల రూపాయలను ఇంట చెప్పినప్పుడు "ఇందుకా నిన్ను చదివించుచున్నది?" అను మాట విన్న బిడ్డ, రెండవ సంపాదనను చెప్పుకొనడు. ఆ సొమ్ములో కొంత చెల్లెలి పుస్తకములకో, మఠము అన్నదాసోహమునకో పోవునట్లు మొదటినాడే నేర్పినచో, ఇల్లు దానిని కాయకముగ గుర్తించినట్లగును. బిడ్డయు అట్లే గుర్తించును.

సమాజము తన వంతు తప్పును కూడ చూచుకొనవలెను. బొమ్మలు గీయు పిల్లవాడున్నాడని తెలిసినంతనే బసవజయంతి ఉత్సవమునకు పటము, సంఘ మహాసభకు ఆహ్వానపత్రము, పెద్దల షష్టిపూర్తికి ముఖచిత్రము అన్నియు అతని మీదనే పడును. ధర మాట ఎత్తినచో "ఇది దాసోహము కదా, బాబూ" అందురు. బసవజయంతి వైశాఖ శుద్ధ తదియనాడు. అది సరిగా పరీక్షల వేసవికాలము. దాసోహము ఇచ్చువాని హృదయమునుండి పుట్టునది. అడిగి, తొందరపెట్టి, మొగమాటపెట్టి పుచ్చుకొన్నదానికి ఆ పేరు చెల్లదు. మడివాళ మాచయ్యవద్ద బట్టలు ఉతికించుకొనుటకు ఎవరుబడితే వారు పోలేదు. కాయకవంతునకు కాదను స్వాతంత్ర్యముండెను. అతడు కాదనిన ఆ మాటకు గౌరవముండెను. మఠమునకు నిజముగ ఆ బిడ్డ గీసిన బసవేశ్వరుడు కావలెనన్నచో, సంక్రాంతి సెలవులలోనే అడిగి, గీయుటకు రెండు మాసములిచ్చి, కాగితము ఖరీదును ముద్రణ ఖరీదును లెక్కించినట్లే అతని గంటలను కూడ లెక్కించి, పటము క్రింద ముద్రాపకుని పేరు వేయుచోట ఆ బిడ్డ పేరును వేయింపవచ్చును.